శునక విద్యాభ్యాసము



కుక్కను గూర్చి ప్రసంగించుటకు పండితుడేల యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. పాణిని మహర్షి శ్వన్, యువన్, మఘవన్ శబ్దములను ఒకే సూత్రమున గ్రుచ్చెను. కుక్కయు, యువకుడును, దేవేంద్రుడును ఒకే దారమున నిమిడిరి. అందు మొదటి యిరువురకును విద్య గరపు మార్గము మిక్కిలి దగ్గరదని నా యభిప్రాయము. మూడవవాని సంగతి బృహస్పతికి విడిచెదను.

ఇంగ్లాండు దేశమున 'అజిలిటీ' యను నొక శునకక్రీడ కలదు. లాఘవవిద్య యని మనము చెప్పుకొనవచ్చును. 1978వ సంవత్సరమున లండను నగరమున జరిగిన క్రఫ్ట్స్ శునకప్రదర్శనములో, విరామకాలమున ప్రేక్షకులకు వినోదము గూర్చుటకై, గుఱ్ఱములచే అడ్డుకఱ్ఱలు దూకించు పందెములను బట్టి దీనిని కల్పించిరి. 1980లో అచ్చటి కెన్నెల్ క్లబ్బువారు దీనికి నియమము లేర్పరచిరి.

కుక్క అడ్డుకఱ్ఱలు దూకవలెను. గొట్టమువంటి సొరంగమున దూరి వెడలవలెను. సుమారు నాలుగడుగుల యెత్తున నున్న సన్నని పలకవంతెనపై నడువవలెను. నడుమ ఇరుసుపై నిలిచి త్రాసువలె తూగు పలక నెక్కి దిగవలెను. రెండేసి యడుగుల దూరమున నిలిపిన పండ్రెండు గడల నడుమ పామువలె మెలికలు తిరుగుచు సాగవలెను. మెడకు త్రాడుండదు. నడిపించువాడు కుక్కను తాకరాదు. మాటయు, చేతిసైగయు మాత్రమే సాధనములు. కావున బెత్తమున కిందు చోటులేదు. భయపెట్టి నేర్పినది త్రాడు విప్పినంతనే మాయమగును.

మా కుమారుని యొద్ద నేను కొంతకాల మున్నప్పుడు, ఆ యూరి సంఘమువారు క్రొత్త కుక్కలకు వారమున కొక సాయంకాలము తరగతి జరుపుచుండిరి. నే నొక బల్లపై గూర్చుండి చూచుచుంటిని. పలకవంతెనకై మొదట పలకను నేలమీదనే పరచిరి. దానిపై నాలుగడుగులు వేసిన కుక్కకు ఒక మాంసపుముక్క దొరకెను. మఱుసటి వారము ఇటుకయెత్తు, అటుపిమ్మట మోకాలియెత్తు. సొరంగమును ముడిచి మూరెడు పొడవు చేసిరి. ఒకరు కుక్కను ఈ కొసను పట్టుకొనగా, యజమాని ఆ కొసను వంగి పిలిచెను. తనవాని ముఖము కనబడుచుండగా కుక్కకు చీకటి భయములేదు.

తూగుపలకయే కష్టము. కొస దబ్బున నేలను తాకు చప్పుడునకు క్రొత్త కుక్కలు బెదరును. అందుచే కొస క్రింద మెత్తలు పేర్చి, జానెడు మాత్రమే క్రుంగనిచ్చి, ఆ మెత్తలను వారమున కొక్కటిగా తీసివేయుదురు. ఒక పెద్దమనిషి తాళలేక తన కుక్కను త్రాటితో పైకి లాగెను. పాపమది వణకుచు నెక్కినది. మెత్తలు లేకుండగనే దిగినది. అటుపిమ్మట ఆ పలక కంటబడిన చాలు, తోక ముడిచి గడ్డిలో కూలబడెడిది. ఉపాధ్యాయురాలు ఆ కుక్కను మరల నేలమీది పలకయొద్దకు దెచ్చినది. పోయిన ధైర్యమును సంపాదించుటకు ఆఱు వారములు పట్టినది.

పలకల దిగువ సుమారు మూడడుగుల మేర వేఱు రంగు పూయుదురు. దిగునప్పు డందొక పాదమైన మోపక దూకినచో పందెమున అయిదు తప్పులు లెక్కింతురు. ఇది వట్టి ఆచారము గాదు. మీదినుండి దూకిన కుక్కకు భుజముల కీళ్లు చెడును. పదునెనిమిది నెలలు నిండని కుక్కను అచ్చట పందెమునకు రానీయరు.

ఒక చిత్రము చెప్పెదను. ఆమె కుక్కను మందలించుట నేను వినలేదు. యజమానులను మాత్రము క్షణమేని విడిచిపెట్టలేదు. నోటితో కుడి యని పలికి భుజమును ఎడమకు ద్రిప్పినచో, కుక్క భుజమునే నమ్మును. అందుచే పందెమునకు ముందు యజమానులు కుక్కలు లేకయే ఆవరణమంతయు నడచి, ఎచ్చట తిరుగవలెనో, ఎచ్చట నిలువవలెనో వల్లెవేయుదురు. నెరసిన తలలవారు గడల నడుమ చేతులాడించుచు ఒంటరిగా తిరుగుచుండుట చూడ ముచ్చటగా నుండును.

మన పల్లెలో దీనికి సంఘము లేకున్నను లోటులేదు. నేలపై నొక పలక, రెండిటుకలపై నొక కఱ్ఱ, చేతిలో రొట్టెముక్కలు చాలును. ఏడాది నిండని పిల్లను ఎత్తు దూకింపకుడు, ఎముకలింకను ముదురవు. పదినిమిషములు కాగానే, అది యింకను కావలెనని తోక యాడించుచుండగనే, ఆపివేయుడు. మిట్టమధ్యాహ్నము మాత్రము వలదు. మీ కాలికి చెప్పు కలదు, దానికి లేదు.