వెల్ల ఎవరు వేయిస్తారు?



ఎవరి స్మృతిలో ఇక్కడ కూడామో ఆ పెద్దాయన రోడ్లు భవనాల శాఖ ఇంజనీరు. కొత్త కట్టడం చూపిస్తే ఆయన అడిగేది ఒక్కటే: "బాగానే ఉందయ్యా, వెల్ల ఎవరు వేయిస్తారు?" ఆ ప్రశ్నను ఈరోజు న్యూజిలాండ్ కొండల్లోకి తీసుకెళ్తాను.

అక్కడి అడవుల్లో, దారి ఆనవాలు కూడా సరిగా లేని చోట్ల, రేకుల కప్పుతో చిన్న విడిదులుంటాయి. 'హట్' అంటారు. నాలుగో ఆరో మంచాలు, ఒక పొయ్యి, ఒక పుస్తకం. మన సత్రాల్లా పుణ్యానికి కట్టినవి కావు, ఎక్కువ భాగం జింకల్ని చంపడానికి కట్టినవి. 19వ శతాబ్దంలో వలసవచ్చినవారు వేట సరదాకి ఎర్రజింకల్ని తెచ్చి వదిలారు. గబ్బిలం తప్ప స్వతహాగా నేల మీది క్షీరదమే లేని అడవి అది. మొలకల్ని జింకలు మేసేస్తుంటే కొండ మట్టి జారి పల్లపు పొలాలకు వరదలొస్తాయని భయపడిన ప్రభుత్వం 1930 నుంచి జీతానికి వేటగాళ్లను పెట్టింది. 1956లో ఆ పని అటవీ శాఖ చేతికొచ్చింది. తర్వాతి పదిహేనేళ్లలో కొన్ని ప్రామాణిక నక్షాలతో వందల విడిదులు లేచాయి. సామాను మొదట విమానంలోంచి జారవిడిచేవారు, తర్వాత హెలికాప్టర్లలో దించారు.

చివరికి ఆ హెలికాప్టరే వేటగాడి కొలువు తీసేసింది. జింకమాంసం ఎగుమతి సరుకైంది, ఆకాశం నుంచే వేట సాగింది. కట్టిన పని తీరిపోయింది, కట్టడాలు మిగిలాయి. 1987లో అటవీ శాఖ రద్దయి, అవి పరిరక్షణ శాఖకు దఖలు పడ్డాయి. ఇప్పుడు దాని లెక్కలో 950కి పైగా విడిదులున్నాయి.

ఆ విడిదుల గతిని ఒక ప్రమాదం మలుపు తిప్పింది. 1995 ఏప్రిల్ 28న కేవ్ క్రీక్ దగ్గర లోయ అంచున పరిరక్షణ శాఖ కట్టిన చూపువేదిక కూలి 14 మంది చనిపోయారు. విచారణలో బయటపడ్డది చిన్న సంగతి: బోల్టులు బిగించాల్సిన చోట మేకులు కొట్టారు. అర్హత గల ఇంజనీరు ఎవరూ ఆ నక్షా చూడలేదు. ఆ తర్వాత శాఖ ప్రతి వంతెననూ, ప్రతి విడిదినీ తనిఖీ చేయించింది. ఖర్చు లెక్క తేలాక, మారుమూల విడిదులు కొన్నింటిని తీసేద్దామన్న మాట వచ్చింది.

అప్పుడు కదిలినవారు నడకగాళ్లు, వేటగాళ్లు. పడమటి తీరంలో ఒక బృందం 'పెర్మొలాట్' అని పేరు పెట్టుకుంది. దారి గుర్తుకు చెట్లకు కొట్టే అల్యూమినియం రేకుముక్క పేరది. శాఖతో ఒప్పందం రాసుకుని, భుజాన రేకులూ రంగుడబ్బాలూ మోసుకెళ్లి పాత విడిదులు నిలబెట్టారు.

ప్రేమ ఉంటే చాలునని నేననను. కేవ్ క్రీక్‌లో మేకులు కొట్టిన చేతులకూ చెడు తలపు లేదు. ప్రేమకు ఒప్పందం కావాలి, కొలత కావాలి. మన పూర్వులకు ఇది తెలుసు. చెరువు తవ్వించి, దాని బాగోగులు చూసేవారికి 'దశబంధం' అనే ఇనాం ఇచ్చారు. మరమ్మతును వారి దయకు వదలలేదు, హక్కు చేసి కట్టబెట్టారు.

విడిదిలోని ఆ పుస్తకంలో వచ్చినవారు పేరు, తేదీ, వెళ్లబోయే దారి రాస్తారు. ఎవరైనా తప్పిపోతే వెతికేవారికి అదే ఆధారం. పొయ్యి గొట్టం తుడిచినవారు, కప్పు బాగుచేసినవారు ఆ మాట కూడా అందులోనే రాసి, తర్వాత వచ్చేవారికి ఎండుకట్టెలు పేర్చి పోతారు. పెద్దాయన ప్రశ్నకు జవాబు ఏ శిలాఫలకం మీదా నాకు కనబడలేదు. ఆ పుస్తకంలో ఉంది.