సభ్యత్వం వేరు, అనుమతి వేరు

విద్యార్థులారా, నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదువు ముగించగానే గల్ఫ్‌లో ఉద్యోగం ఇప్పిస్తానన్నాడొక ట్రావెల్ ఏజెంటు. ఆఫీసు గోడమీద ఏదో సంఘం సభ్యత్వపత్రం ఉంది. అది చూసి నాన్నగారు అమ్మ గాజులు కుదువపెట్టి అడ్వాన్సు కట్టారు. ఉద్యోగమూ రాలేదు, డబ్బూ రాలేదు.

ఆ పత్రం నిజమైనదే అయినా మాకు అక్కరకొచ్చేది కాదు. 1951లో ఏర్పడిన ట్రావెల్ ఏజెంట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా మొదలు హోటళ్ళ సమాఖ్య వరకు ఇవన్నీ వ్యాపారుల సంఘాలు. సభ్యుల తరఫున ప్రభుత్వంతో మాట్లాడతాయి. విదేశాలకు ఉద్యోగులను పంపే అనుమతి ఇవ్వడం వాటి పని కాదు. అందుకు 1983 నాటి వలసల చట్టం ప్రకారం కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ కావాలి.

తల్లిదండ్రులారా, ముందు ఆ నంబరు అడగండి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూసుకోండి. డబ్బు మాట ఆ తర్వాతే. సెలవు.