తేలిక విమానము – తూకము, కొలత

ఉద్దానము అను పేరు ఉద్యానవనము అను మాటనుండి పుట్టినదని పెద్దలు చెప్పుదురు. పలాసకు తూర్పున మందస, వజ్రపుకొత్తూరు మొదలుకొని సోంపేట, కవిటి వరకు సముద్రపు ఒడ్డున సాగిపోవు కొబ్బరి, జీడి, పనస తోటలను చూచినవారికి ఆ మాట నిజమనియే తోచును. ఈ ప్రాంతపు ఆకాశములో ఎగురుటకు ఇంటిలోనే నిర్మించుకొనదగిన ఒక చిన్న విమానమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. దానిలో మనిషి కూర్చుండడు. నేలమీద నిలుచుండి, చేతిలోని పెట్టె మీటలను కదలించుచు, రేడియో తరంగముల ద్వారా దానిని నడుపుదురు. దాని దేహమంతయు థర్మోకోలు వంటి తేలికయైన ఫోముతో చేయబడును.

ఇంటిలో రేడియో ఉన్నవారికి ఇది వింతగా తోపనక్కరలేదు. దూరపు మాటను మీ గదిలోనికి తెచ్చు విద్యయే ఈ విమానపు చుక్కానిని త్రిప్పుచున్నది. భేదము తరంగముల పొడవులో ఉన్నది. మీడియం వేవులో 1000 కిలోహెర్ట్జ్ మీద ప్రసారమగు తరంగము పొడవు 300 మీటర్లు. ఈ విమానములకు వాడు 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు 12 సెంటీమీటర్లకు కొంచెము పైమాట, జానెడైనను లేదు. అందుచేతనే విమానములోని ఏరియలు వ్రేలెడు తీగతో సరిపోవుచున్నది.

ఈ విద్యకు ఎనుబది ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. అమెరికాలో వాల్టరు గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు తాము నిర్మించిన 'గఫ్' అను నమూనా విమానమును రేడియోతో నడిపి 1938లో అచ్చటి జాతీయ పోటీలో గెలుపొందిరి. ఆనాటి గ్రాహకములకు వాల్వులును, బరువైన బ్యాటరీలును వలసియుండెను. నేటి రిసీవరు పది గ్రాములైన తూగదు. మన దేశమున ఎన్.సి.సి. వైమానిక విభాగపు శిక్షణలో నమూనా విమానముల నిర్మాణము చిరకాలముగా ఒక భాగమై యున్నది.

పూర్వము ఇట్టి విమానములను బాల్సా కర్రతో చేయుచుండిరి. అది దక్షిణ అమెరికానుండి రావలెను. వెల ఎక్కువ, దొరకుట తక్కువ. ఘనమీటరు బాల్సా కర్ర సాధారణముగా 100 మొదలు 200 కిలోల వరకు తూగును. అంతే థర్మోకోలు 15 మొదలు 20 కిలోలే. భావనపాడు, బారువ తీరములందలి మత్స్యకారులకు ఈ పదార్థము క్రొత్తది కాదు. ఫైబరు తెప్పల గర్భమున ఉండి వానిని నీటిపై తేల్చునది థర్మోకోలు దిమ్మయే గదా!

ఐతే నీటిపై తేలుట వేరు, గాలిలో ఎగురుట వేరు. నీటికంటె థర్మోకోలు ఎంతో తేలిక. అందుచేత ఏ ఆకారమున ఉన్నను తేలును. గాలితో పోల్చినచో అదియే పది పదిహేను రెట్లు బరువైనది. దానిని గాలిలో నిలుపునది రెక్క ఆకారమును, వేగమును, తూకమును మాత్రమే. ఫోము చౌకైనది, మెత్తనిది, చాకుతో కోసిన తెగునది. కాబట్టి ఎట్లు చేసినను ఫరవాలేదని పలువురు భ్రమపడుదురు. నేను మనవి చేయదలచిన ముఖ్యవిషయము దీనికి వ్యతిరేకము. పదార్థము తేలికయైనకొలది చేయి జాగ్రత్త పెరుగవలెను. బరువైన వస్తువులో పది గ్రాములు ఎచ్చటనో మరుగుపడిపోవును. తేలిక వస్తువులో ఆ పది గ్రాములే దాని నడకను మార్చివేయును.

ఇట్టి సూక్ష్మదృష్టి మన ప్రాంతమునకు క్రొత్తగా నేర్పవలసినది కాదు. పలాస, కాశీబుగ్గలలోని జీడిపప్పు కార్ఖానాలలో పప్పును వేరుచేయు స్త్రీలను చూడుడు. డబ్ల్యు 320 అను రకమునకు పౌనుకు 300 మొదలు 320 పప్పులు రావలెను. డబ్ల్యు 240 రకమునకు 220 మొదలు 240. ఈ రెండు రకముల పప్పుల బరువులో భేదము సుమారు అర గ్రామే ఉండును. ఆ భేదమును కంటితోను, చేతితోను కనిపెట్టగల నేర్పు మన ఇండ్లలో ఉన్నది. ఆ నేర్పునే విమానమునకు వినియోగింపవలెను.

మొదట నేర్చుకొనువారికి తగిన కొలతలు చెప్పుదును. రెక్కల మొత్తము పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు. బ్యాటరీతో సహా మొత్తము బరువు 700 గ్రాములకు మించరాదు. రెక్క పైభాగము కొంచెము వంపుగా ఉండవలెను. లోపల నిలువునా ఒక వెదురు బద్దగాని, కార్బను గొట్టముగాని వెన్నెముకవలె అమర్చవలెను. రెక్కల కొనలు రెండును నడిమి భాగము కంటె 5 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండునట్లు అతికినచో, విమానము ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు తనంతట తాను సరిపడుటకు యత్నించును. తోకయందు చుక్కాని, ఎలివేటరు అను రెండు కదలు పలకలును, ముక్కున మోటారును ఉన్నచో నేర్చుకొనుటకు చాలును.

కోయునప్పుడు క్రొత్త బ్లేడు వాడవలెను. మొద్దుబారిన బ్లేడు ఫోమును కోయక చింపును. ఒకేమారు అదిమి కోయక, ఇనుప స్కేలును ఆనించి రెండు మూడు మార్లు పైపైన గీయవలెను. వేడి తీగతో కోయువారు కిటికీలు తెరచి ఉంచవలెను. ఆ పొగ పీల్చదగినది కాదు. జిగురు విషయమున మరింత జాగ్రత్త వలెను. పెట్రోలు, అసిటోను వంటి ద్రావకములు ఉన్న జిగురులు థర్మోకోలును కరగించివేయును. క్షణములో అతుక్కొను సాధారణపు జిగురు కూడ దానిని తినివేయును. కర్రపనికి వాడు తెల్ల జిగురుగాని, ఎపాక్సీగాని మేలు. ఏ జిగురైనను, ఏ రంగైనను ముందుగా పనికిరాని ముక్కపై పూసి, ఒక రాత్రి ఉంచి చూచిన పిమ్మటనే విమానమునకు తగిలింపవలెను.

ఇక కొలత. ఇంటి పునాదికి తాపీమేస్త్రీ ముగ్గు పోయునప్పుడు మూలనుండి మూలకు దారము పట్టి రెండు కర్ణములును సమానమైనవా అని చూచును. విమానమునకును అదియే పద్ధతి. తోక చివర నడుమ ఒక గుండుసూది గ్రుచ్చి, దానికి దారము కట్టి, కుడి రెక్క కొన వరకును, ఎడమ రెక్క కొన వరకును కొలువవలెను. రెండు మిల్లీమీటర్లకు మించి భేదమున్నచో జిగురు ఆరకముందే సవరింపవలెను. పిమ్మట విమానమును బల్లపై నుంచి వెనుకనుండి ఒక కన్ను మూసి చూడవలెను. ఒక రెక్క వెనుకటి అంచు మెలిపడి క్రిందికి వాలియున్నచో, గాలిలో ఆ రెక్క పైకి లేచి విమానము రెండవ ప్రక్కకు తిరుగుచుండును. నడుపువాడు మీటతో ఎంతసేపు సరిదిద్దినను ఆ దోషము పోదు. బల్లమీద అయిదు నిమిషములలో పోవలసిన దోషమునకు ఆకాశములో పరిష్కారము దొరకదు.

అన్నింటికంటె ముఖ్యమైనది తూకము. రెక్క ముందంచునుండి వెనుకకు వెడల్పులో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు లోపల, అనగా మన విమానమునకు 5 మొదలు 6 సెంటీమీటర్ల వద్ద, గరిమనాభి ఉండవలెను. రెక్కల క్రింద ఆ చోటున రెండు చూపుడు వ్రేళ్ళు ఆనించి లేపినచో విమానము త్రాసు దండమువలె సమముగా నిలువవలెను. ముక్కు కొంచెము క్రిందికి దిగిన బాధ లేదు. తోక దిగినచో ఎగురవేయకూడదు. అట్టిది ముక్కెత్తి, వేగము కోల్పోయి, అదుపు తప్పి కూలును.

ఇచ్చట జీడిపప్పు లెక్క మరల పనికివచ్చును. డబ్ల్యు 320 పప్పు ఒకటి సుమారు 1.4 గ్రాములు, ఏడు పప్పులు 10 గ్రాములు. తోకను అతుకునప్పుడు ఆ ఏడు పప్పుల బరువు జిగురు అదనముగా పడినదనుకొందము. తోక గరిమనాభికి 50 సెంటీమీటర్ల వెనుక ఉన్నది. ముక్కునందు బరువు పెట్టదగిన చోటు 20 సెంటీమీటర్ల ముందే ఉన్నది. పది గ్రాములను ఏబదితో హెచ్చించిన 500. దానిని ఇరువదితో భాగించిన 25. అనగా తోకయందలి పది గ్రాములను సరితూచుటకు ముక్కున 25 గ్రాములు పెట్టవలెను. మొత్తము 35 గ్రాములు పెరిగినవి. అది విమానపు బరువులో ఇరువదవ వంతు! ఒక్క జిగురు చుక్క విషయములో చేయి వదలుగా ఉన్నందుకు ఇంత మూల్యము. కావున ప్రతి భాగమును అతుకుటకు ముందును, పిదపను వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసుపై తూచి, ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. ఎప్పుడైన విరిగి మరల అతికినచో, గరిమనాభిని మరల చూడవలెను. మరమ్మతు కూడ బరువే.

మీటల పరీక్ష తరువాతిది. విమానపు వెనుక నిలుచుండి మీటను కుడికి త్రిప్పిన చుక్కాని వెనుకంచు కుడికి పోవలెను. ముక్కెత్తుటకు మీటను తనవైపు లాగిన ఎలివేటరు వెనుకంచు పైకి లేవవలెను. ఇది తారుమారైనచో మొదటి ఎగురుటయే కడపటిది. ట్రాన్స్‌మిటరు సంకేతము తెగినప్పుడు మోటారు దానంతట అది ఆగునట్లు అమర్చుకొని, నేలమీదనే ఒకమారు పరీక్షింపవలెను. ఆ పరీక్షకు ముందు ప్రొపెల్లరు తీసివేయవలెను. లిథియం పాలిమరు బ్యాటరీని ఒక్కొక్క సెల్లు 4.2 వోల్టులకు మించి చార్జి చేయరాదు, చార్జి అగుచుండగా వదలిపోరాదు, ఉబ్బినదానిని వాడరాదు. సముద్రతీరపు ఉప్పు గాలికి లోహపు సంధులు త్వరగా చిలుమెక్కును. కావున వానిని తరచుగా తుడిచి చూచుచుండవలెను.

ఎచ్చట ఎగురవేయవలెను? మన విమానము సెకనుకు ఆరేడు మీటర్ల కంటె నెమ్మదిగా పోయినచో నిలువలేదు. మధ్యాహ్నము సముద్రపు గాలి దాదాపు అంతటి వేగముతోనే వీచును. దానికి ఎదురు పోయినచో విమానము ఆకాశమున ఉన్నచోటనే నిలిచినట్లుండును. వెనుదిరిగినచో కొబ్బరితోట దాటి కనుమరుగగును. కాబట్టి ఉదయపు నెమ్మది గాలియే తగిన వేళ. వరికోతలైన పిమ్మట ఖాళీగా ఉండు పొలములు తగిన చోటు. వలలు ఆరవేయు తీరమును, జాతీయ రహదారిని, పలాస మీదుగా పోవు రైలుమార్గపు విద్యుత్తు తీగలను విడిచి దూరముగా ఉండవలెను. టెక్కలి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు పిల్లలను పెంచుకొనుచుండును. వాని దరికి ఏ యంత్రమును పోనీయరాదు. చట్టమును కూడ తెలిసికొనవలెను. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నియమములు నమూనా విమానములకును చెందును. డిజిటల్ స్కై పటములో ఆ చోటు ఆకుపచ్చ మండలమున ఉన్నదో లేదో చూచుకొని, 120 మీటర్ల ఎత్తు దాటక, కంటి చూపు మేరలోనే ఎగురవేయవలెను.

ఇంత జాగ్రత్త ఒక ఆటవస్తువునకు ఎందులకని ఎవరైన అడుగవచ్చును. ఒక చిన్న లెక్క చెప్పుదును. 700 గ్రాముల విమానము సెకనుకు 12 మీటర్ల వేగముతో పోవుచుండగా దానియందు 50 జౌళ్ళ శక్తి ఉండును. కిలో బరువు గల కొబ్బరికాయ 5 మీటర్ల ఎత్తునుండి పడినప్పుడు దానికి ఉండు శక్తియు అంతే. కాయలు దింపువాడు చెట్టెక్కినప్పుడు క్రింద పిల్లలను నిలువనీయని తల్లికి ఈ లెక్కను వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. ఫోము మెత్తనిదైనను దాని ముక్కున మోటారు, బ్యాటరీ, తిరుగు ప్రొపెల్లరు ఉన్నవి. జనము ఉన్నచోట ఎగురవేయుట ఆట కాదు, అపరాధము.

ఇంకొక ప్రయోజనము కూడ ఉన్నది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చేరువనే తీరము దాటినది. ఏండ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడి చెట్లు కొద్ది గంటలలో నేలకూలినవి. పరిహారమునకై పడిన చెట్లను లెక్కించుట ఎంత శ్రమయో ఉద్దానపు రైతులు ఎరుగుదురు. అట్టి వేళల పైనుండి తోటను చూచి ఛాయాచిత్రములు తీయు యంత్రములను నడుపువారు, బాగుచేయువారు ఈ గ్రామములలోనే ఉండుట మేలు గదా! పై ఊరి యంత్రము, పై ఊరి మనిషి వచ్చువరకు కాచుకొనియుండనక్కరలేదు. అట్టి పనివానికి మొదటి బడి ఈ ఫోము విమానమే కావచ్చును. రిసీవరు, మోటారు, బ్యాటరీ బజారులో కొనవచ్చును. గ్రామును గ్రాముగా చూచు కన్నును, తప్పు కనిపించినప్పుడు జిగురు ఆరకముందే విప్పగల ఓపికను కొనలేము.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఇట్టి పనికి పూనుకొన్నప్పుడు, ఎంత ఎత్తు ఎగిరినదని మొదట అడుగకుడు. ఎంత తూగినది, ఎచ్చట సమముగా నిలిచినది, రెండు రెక్కల కొలత సరిపోయినదా అని అడుగుడు. ఆ మూడు ప్రశ్నలకు వాడు పుస్తకము తెరచి సమాధానము చెప్పగలిగిననాడు, ప్రొద్దున వానితో పొలమునకు వెళ్ళుడు.