చంకన బిడ్డ, చేతిలో పని
(మహిళా వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డను గుండెకు కట్టుకుని నడిచే దంపతులను చూసి ఇది అమెరికా వాళ్ళ ఆలోచన అనుకుంటాం. 1960లలో పీస్ కోర్ తరఫున టోగో వెళ్ళిన నర్సు ఆన్ మూర్, అక్కడి తల్లులు పిల్లల్ని గుడ్డతో వీపున కట్టుకోవడం చూశారు. తిరిగొచ్చాక తన పాప కోసం వాళ్ళమ్మ లూసీ ఆకర్‌మన్ చేత అలాంటిదే కుట్టించుకున్నారు. 1969లో పేటెంటు వచ్చిన 'స్నగ్లీ' అదే.

మనకిది వింతా? ఎరుకలసాని అంటేనే నెత్తిన బుట్ట, జోలెలో బిడ్డ. శ్రీనివాసుడు ఎరుకలసానిగా ఆకాశరాజు ఇంటికి వెళ్ళిన కథలో బ్రహ్మదేవుడంతటివాడు చంటిబిడ్డయ్యాడు! మన ఇళ్ళల్లో మాత్రం చంకనెత్తుకోవడమే ఎక్కువ. ఒక చెయ్యి అలిసిపోతే అందుకోవడానికి అమ్మమ్మ, పిన్ని, పక్కింటి అత్తయ్య ఉండేవారు. ఇక్కడ అమ్మమ్మ వస్తే సాధారణంగా ఆరు నెలలే. ఆ తరువాత తల్లికి ఉన్నవి రెండే చేతులు. అందుకే ఈ గుడ్డ పని మొదలుపెట్టాను.

"చీరే చుట్టుకోవచ్చుగా" అన్నారు చాలామంది. పొడవు సరిపోతుంది, ఐదున్నర గజాలంటే సుమారు 5 మీటర్లు. చిక్కల్లా పన్నాతోనే. 45 అంగుళాల బట్టలో మిగిలినదంతా బిడ్డ ముఖం దగ్గర కుప్పపడుతుంది. పట్టు జారుతుంది. పాత చీర మెత్తనే గాని, నేత ఎక్కడ జీర్ణించిందో కంటికి కనబడదు. చివరికి కొత్త మంగళగిరి నూలు బట్ట తీసుకుని పన్నా 28 అంగుళాలకు తగ్గించాను. అది నిలువుగా, అడ్డంగా సాగదు, ఐమూలగా కాస్త సాగుతుంది. బిడ్డ వీపుకు కావలసింది ఆ కాస్తే. భుజం దగ్గర బిగించడానికి అతుకులేని రెండు లోహపు రింగులు. బొమ్మల సామాను కొట్లో దొరికే రింగులు వద్దు, అతుకు విడిపోతుంది.

ఇక అసలు సంగతి. 2010 మార్చిలో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఒక హెచ్చరిక చేసింది. అంతకుముందు 20 ఏళ్ళలో స్లింగులకు సంబంధించి 14 మంది పసివాళ్ళు చనిపోయారు. అందులో 12 మందికి నాలుగు నెలలు నిండలేదు. గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరాడదు, ఏడవడానికీ వీలుండదు. అందుకే సంచిలో పడుకోబెట్టే పద్ధతిని పూర్తిగా వదిలేశాను. బిడ్డ నిలువుగా, మనం వంగకుండా ముద్దుపెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. ముఖం కనబడుతుండాలి. గడ్డం కింద వేలు దూరాలి. మోకాళ్ళు పిరుదులకన్నా పైకుండాలి, చంకనెక్కిన బిడ్డ కాళ్ళలాగే. తుంటి కీళ్ళకు అదే మంచిది.

మెడ నిలవని బిడ్డను నిలువుగా ఎత్తకూడదని పెద్దవాళ్ళు నన్ను కోప్పడ్డారు. వారి భయం న్యాయమైనదే. అందుకే గుడ్డ అంచు మెడ వెనక దాకా వచ్చి ఆనేలా కుట్టాను. నెలలు నిండకుండా పుట్టినవారికి, బరువు తక్కువవారికి మాత్రం డాక్టరును అడగకుండా కట్టకండి. ఇంట్లో కుట్టి అమ్ముదామనుకునే చెల్లెళ్ళు గమనించండి: స్లింగులకు 2018 నుంచి సమాఖ్య ప్రమాణం అమల్లో ఉంది, పరీక్ష చేయించనిదే అమ్మకూడదు.

భోజనాల తరువాత బియ్యపు మూటతో కట్టి చూపిస్తాను. తండ్రులు కూడా రండి. రింగులు జరిపితే మీకూ సరిపోతుంది.