చర్చిలో మస్టర్ పెట్టింది నేనే

ఈ ఎపిసోడ్ మా గోదావరిఖని నుంచే. ఈరోజు వేరేవాళ్ల తప్పు గురించి కాదు, నా తప్పు గురించి మాట్లాడతా.

మా బొగ్గు బెల్ట్‌లో మస్టర్ అంటే తెలియని ఇల్లు ఉండదు. డ్యూటీకి వెళ్తే మస్టర్ పడుతుంది, వెళ్లకపోతే నాగా. 2025 దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం ప్రకారం జీతంతో సెలవు రావాలంటే ఏడాదికి భూగర్భంలో పనిచేసేవాళ్లకి 190, మిగతావాళ్లకి 240 హాజర్లు ఉండాల్సి వచ్చేది. అది గని లెక్క. ఆ లెక్కని చర్చిలోకి తెచ్చింది నేను.

అప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంటికొస్తే, చర్చిలో యూత్ సెక్రటరీని చేశారు. ఆదివారం ఆరాధనకి జనం తగ్గుతున్నారని ఒక ఎక్సెల్ షీట్ తయారు చేశా. వరుసగా మూడు ఆదివారాలు రాకపోతే పేరు ఎర్రగా మారిపోతుంది. పేరు ఎర్రగా ఉన్నవాళ్లకి ఆ నెల ప్రభువు బల్ల లేదు. ఆ రూల్ ఐడియా కూడా నాదే. పెద్దలు భలే మెచ్చుకున్నారు. నేను నెలనెలా ఆ లిస్ట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేవాణ్ణి.

ఆ లిస్ట్‌లో ఒక అన్న పేరు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. ఓసీపీలో కాంట్రాక్టర్ దగ్గర డంపర్ నడుపుతాడు. కొన్నాళ్లకి గ్రూప్‌లోంచి కూడా వెళ్లిపోయాడు. పాస్టర్ గారు "ఒకసారి ఇంటికెళ్లి చూసి రా" అన్నారు. వెళ్లా. వాళ్ల నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఒకటి ఆఫ్ రోజున. ఇంకోటి నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర లేకుండా. ఆ ఆఫ్ కోసమే ఆదివారం డ్యూటీ.

"ముందే చెప్పొచ్చు కదన్నా" అన్నా. ఆయన కోపపడలేదు. "తమ్మీ, పనికాడ నాగా పడితే పైసలు పోతయ్. దేవునికాడ గూడ నాగా పడ్డంక ఇగ యాడికి పోవాలె?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మార్కు సువార్త మూడో అధ్యాయం తీశా. విశ్రాంతి దినం. సమాజ మందిరంలో చెయ్యి ఎండిపోయిన మనిషి ఉన్నాడు. యేసు బాగు చేస్తాడా, చేస్తే తప్పు పడదామా అని కొందరు కనిపెట్టుకుని ఉన్నారు. ఈరోజు మంచి చేయొచ్చా, కూడదా అని ఆయన అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. ఆయనకి కోపం వచ్చింది, వాళ్ల గుండెలు అంత గట్టిపడినందుకు బాధా కలిగింది. చిన్నప్పటి నుంచి ఆ కథలో నేను యేసు పక్కన ఉన్నాననుకున్నా. కాదు, కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో ఉన్నా. నా చేతిలో ఎక్సెల్ షీట్ ఉంది, అంతే తేడా.

అయితే రూల్సే వద్దా? అలా అనట్లేదు. మా దగ్గర ఆ మాట ఎవరూ అనరు. గనిలో పైకప్పు చూసి సరే అన్నాకే పనిలోకి దిగుతారు. ఆ రూల్ ఎందుకు? మనిషి షిఫ్ట్ అయ్యాక ఇంటికి రావాలని.

విశ్రాంతి దినం కూడా అలా పుట్టిందే. ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలో దానికి కారణం రాసి ఉంది: మీరు ఐగుప్తులో బానిసలు, ఆ సంగతి మర్చిపోకండి, మీ పనివాళ్లు కూడా మీలాగే విశ్రాంతి తీసుకోవాలి. మన తెలుగు నేల మీదా అదే జరిగింది. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొర, మాదిగ పల్లెల్లో కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకి చెప్పిన మొదటి నియమాల్లో ఆదివారం పని మానడం ఒకటి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లాల్సిన మనుషులకి, ఈ ఒక్క రోజు మాది అని చెప్పే ధైర్యం అది. దానికోసం వాళ్లు ఊరి పెద్దల చేతిలో కష్టాలు పడ్డారు.

అదే ఆదివారం నా షీట్‌లో ఏమైంది? అలిసిపోయిన మనిషిని ఇంకా అలిసిపోయేలా చేసింది. రూల్ అదే, లోపల ప్రేమ లేదు.

అందుకే ఫ్రెండ్స్, ఏ రూల్ పెట్టేముందైనా ఒక్కటి అడగండి: ఇది మనిషిని ఇంటికి తెచ్చేదా, బయట నిలబెట్టేదా? పేరు ఎర్రగా అవడం నిజానికి మంచి సిగ్నలే. ఆ మనిషికి ఏదో కష్టం వచ్చిందని చెప్తుంది. నేను దాన్ని శిక్షగా వాడా. అదీ నా తప్పు.

ఆదివారం ఆరాధనలో అందరి ముందు క్షమాపణ అడిగా. ఆ రూల్ తీసేశాం. ఇప్పుడు ఎవరైనా రెండు వారాలు కనబడకపోతే ఇద్దరం వాళ్లింటికి వెళ్తాం. లిస్ట్ పట్టుకుని కాదు, పండ్లో టిఫినో పట్టుకుని. అన్న ఆఫ్ రోజు సాయంత్రం వాళ్లింట్లోనే ప్రార్థన. పాస్టర్ గారు ప్రభువు బల్ల అక్కడికే తీసుకెళ్లారు. ఆయన నాన్న మంచం మీద నుంచే చేయి చాపి రొట్టె తీసుకున్నాడు.

అన్న చర్చికి రోజూ వస్తున్నాడని అబద్ధం చెప్పను. రెండుసార్లు వచ్చాడు, వెనకే కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నా.

మీ చర్చిలో కనబడకుండా పోయిన ఒకరి పేరు ఈపాటికి మీకు గుర్తొచ్చే ఉంటుంది. వీడియో ఆపండి. ఫోన్ చేయండి. "ఎందుకు రాలేదు" అని కాదు, "ఎలా ఉన్నావ్" అని అడగండి.