ఆయిలింజను టాంకీ, డీజిలు గొట్టాలు - వాటి పోషణ



జనగామ చెలకల్లోనైనా, మహబూబాబాద్ మిరప తోటల్లోనైనా, భూపాలపల్లి అడవి అంచు పొలాల్లోనైనా ఈనాడు నీరు తోడే పని ఎక్కువగా కరెంటు మోటర్లదే. 2018 జనవరి 1 నుండి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలయింది. అయినా ఆయిలింజను మన ఊళ్ళు విడిచి పోలేదు. స్తంభాలు చేరని వాగు ఒడ్డున, ట్రాన్సుఫార్మరు కాలిన రోజున దానినే తలచుకుంటాము. తీరా తలచుకున్న రోజునే అది మొరాయిస్తుంది. ఎందువల్ల?

పిస్టను పోయిందనో, పంపు పోయిందనో మెకానిక్కుకు కబురు పంపుతాము. కాని చాలాసార్లు జబ్బు ఇంజనులో ఉండదు. అది తాగే డీజిలులో ఉంటుంది. డీజిలుకు శత్రువులు మూడు: నీరు, మురికి, గాలి. ఈ మూడూ టాంకీ నుండి, గొట్టాల నుండి లోపలికి దూరుతాయి.

ముందు నీటి సంగతి. డీజిలు నీటికన్నా తేలిక. కనుక టాంకీలో చేరిన నీరు అడుగుకు దిగి నిలుస్తుంది. ఈ నీరు ఎక్కడిదంటారా? సగం టాంకీలో మిగతా సగం గాలే గదా. రాత్రి చలికి ఆ గాలిలోని తేమ లోపలి గోడలకు చెమ్మగా పట్టి, బొట్లు బొట్లుగా కిందికి జారుతుంది. అందుచేత పని ముగిసిన సాయంత్రమే టాంకీ నింపి పెట్టవలెను, తెల్లవారి నింపుదామనుకోవద్దు.

వరద నీరైతే చెప్పనే అక్కరలేదు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు కట్టనే వరద కోసివేసింది. ఆ 2024 వానల్లో ఒక రైతు ఇంజను మునిగింది. దీపావళి వెళ్ళాక మిరపకు తడి కావలసి వచ్చి ఆయన నన్ను అడిగాడు. ఆయిలు మార్చి కొత్త ఫిల్టరు వేయమన్నాను. టాంకీ అడుగు చూడమని మాత్రం చెప్పలేదు. ఇంజను కాసేపు నడిచి ఆగింది. డీజిలు పంపుకు ఆ డీజిలే కందెన. దాని బదులు నీరు పోయేసరికి పంపు, నాజిలు రెండూ చెడ్డాయి. బాగుచేయించి తెచ్చేలోగా వారం గడిచింది, పూత రాలింది. "మీరు చెప్పినట్టే చేసిన గదా సారూ" అన్నాడాయన. ఆ తప్పు నాది. మరొకరికి జరగకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

వారానికొకసారి ఉదయం, ఇంజను కదపక ముందే, టాంకీ అడుగు బిరడా వదులు చేసి గాజు సీసాలో కొంచెం పట్టండి. కాసేపు కదల్చకుండా ఉంచి చూడండి. అడుగున వేరే పొర కనబడితే అది నీరే. వట్టి డీజిలు వచ్చేదాకా తీసివేయండి. తీసిన దానిని బావి దగ్గర పారబోయరాదు సుమా! నీరు చాలాకాలం నిలిస్తే అక్కడ పాకుడు వంటి జిగురు పెరుగుతుంది. అప్పుడు టాంకీ దించి లోపల శుభ్రం చేయక తప్పదు.

ఇక మురికి. డ్రమ్మును నీడలో, మూతకు వాన తగలని చోట ఉంచండి. డీజిలును జింకు పూత డబ్బాలో గాని, రాగి పాత్రలో గాని నిలవ చేయవద్దు. అది చెడి, జిగురు కట్టి, ఫిల్టరును మూసివేస్తుంది. కాగితపు ఫిల్టరును కడిగి మళ్ళీ వేసే అలవాటు కూడా మానవలెను.

మూడవది గాలి. ఎండకు రబ్బరు గొట్టం బీటలు వారుతుంది, నట్లు వదులవుతాయి. టాంకీ ఎత్తున ఉంటే డీజిలు బయటికి కారి మనకు కనబడుతుంది. ట్రాక్టరులో అట్లా కాదు. టాంకీకి, ఫీడు పంపుకు నడుమ బీట ఉంటే చుక్క కారకుండానే పంపు గాలిని పీల్చుతుంది. ఇంజను "గాలి పట్టింది" అంటాము గదా, అదే ఇది. ఫిల్టరు మీది గాలి తీసే స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టండి. బుడగలు ఆగి డీజిలు ధారగా వచ్చాక బిగించండి. రోజూ గాలి పడుతూ ఉంటే గొట్టం మార్చవలసిందే.

కారే చుక్కను చిన్నచూపు చూడకండి. నిమిషానికి 60 చుక్కలు కారితే, 20 చుక్కలు ఒక మిల్లీలీటరు చొప్పున, గంటకు 180 మిల్లీలీటర్లు; పగలూ రాత్రీ కలిపి 4 లీటర్లకు పైమాట. డబ్బు పోవటం ఒక ఎత్తు, ఆ నూనె బావిలోకి దిగటం మరొక ఎత్తు.

తుప్పు తిన్న టాంకీకి సబ్బు అద్దితే ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఖాళీ టాంకీయే గదా అని వెల్డింగు పెట్టించవద్దు. ఖాళీ దానిలోనే ఆవిరి నిండి ఉంటుంది, అది పేలి ప్రాణం తీయగలదు. కొత్త టాంకీ వేయించండి. గొట్టం డీజిలుకు తట్టుకునేదే కొనండి. నీళ్ళ ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. తీగతో కట్టక క్లిప్పులు వేయండి. వాషర్లూ కొత్తవే వేయాలి. ఇంజనుకు కలపకముందు కొంచెం డీజిలు వదిలి గొట్టంలోని దుమ్ము కడిగివేయండి.

చివరిగా ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా పంపు నుండి నాజిలుకు పోయే ఇనుప గొట్టం దగ్గర కారుతుందా అని చేయి పెట్టి చూడకండి. అక్కడి ఒత్తిడికి సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. గాయం సూది మొన అంతే కనబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి, చాలు.

మృగశిర కార్తె రాకముందే ఒక పూట ఈ పనికి కేటాయించండి. సీసా ఒకటి, పానా ఒకటి ఉంటే సగం పని అయినట్టే. పైరు ఎండే రోజున మెకానిక్కు కోసం పరుగెత్తే బాధ మీకు తప్పుతుంది.

సెలవు.