దగ్గు ఒకటే, జబ్బులు వేరు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్య సహాయం కోరి వచ్చేవారిలో దగ్గు, ఆయాసంతో బాధపడుతూ ఛాతీ సీటీ స్కాన్ రాయించుకున్నవారు కూడా ఉంటారు. ఆ స్కాన్ దేన్ని తేలుస్తుంది, దేన్ని తేల్చలేదు అన్నది ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాము.

నెలల తరబడి దగ్గు, కళ్లె, ఆయాసం, పిల్లికూతలు. ఇవి ఆస్తమాలోనూ ఉంటాయి, సీఓపీడీలోనూ ఉంటాయి, శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పైపోయే బ్రాంకియెక్టాసిస్‌లోనూ ఉంటాయి. మామూలు ఎక్స్‌రేలో పక్కటెముకలు, గుండె, ఊపిరితిత్తులు ఒకదాని నీడ మీద ఒకటి పడతాయి కాబట్టి వీటిని విడదీయడం కష్టం. 1922లో ఫ్రాన్స్‌లో సికార్, ఫొరెస్టియే అనే వైద్యులు అయోడిన్ కలిపిన నూనెను శ్వాసనాళాల్లోకి పంపి ఎక్స్‌రే తీసే పద్ధతిని తెచ్చారు. రోగికి అదొక యాతన. అయినా దశాబ్దాల పాటు అదే దిక్కయింది. ఇప్పుడు సీటీ స్కాన్ సుమారు ఒక మిల్లీమీటరు మందం పొరలుగా ఊపిరితిత్తులను చూపిస్తుంది.

ఊపిరితిత్తిలో ప్రతి శ్వాసనాళం పక్కనే ఒక రక్తనాళం ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో రెండూ దాదాపు ఒకే లావు. బ్రాంకియెక్టాసిస్‌లో శ్వాసనాళం వెడల్పై, పక్కనున్న రక్తనాళంతో కలిసి రాయి పొదిగిన ఉంగరంలా కనబడుతుంది. అది ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. పైభాగంలో ఉంటే పాత టీబీ మచ్చ కావచ్చు. ఆస్తమా ఉన్నవారిలో ఊపిరితిత్తుల మధ్యభాగంలో ఉండి, నాళాల్లో అడ్డుపడిన కళ్లె కండరం కన్నా తెల్లగా కనబడితే, ఆస్పర్జిల్లస్ అనే బూజు వల్ల వచ్చే ఎలర్జీని అనుమానించాలి. రక్తపరీక్షలతో దాన్ని నిర్ధారిస్తారు. దాని మందులు వేరు.

బీడీ, సిగరెట్ తాగినవారిలో, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన స్త్రీలలో సీఓపీడీ వస్తుంది. అందులో గాలి గదులు చెడిపోతే, గోడలు లేని నల్లటి ఖాళీలు కనబడతాయి. మామూలు ఆస్తమాలో మాత్రం స్కాన్ దాదాపు బాగానే ఉండవచ్చు. ఆస్తమాను, సీఓపీడీని నిర్ధారించేది స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష. అందుకే ఆస్తమా ఉన్న ప్రతి ఒక్కరికీ స్కాన్ అక్కర్లేదు.

మేము ముఖ్యంగా చెప్పదలచినది టీబీ నయమైనవారి గురించి. క్రిములు చచ్చినా, అవి చేసిన గాయం మిగులుతుంది. ఆ గాయం వల్ల దగ్గు, కళ్లె, ఒక్కోసారి రక్తం మళ్లీ కనబడితే, "టీబీ తిరగబెట్టింది" అని పరీక్ష లేకుండానే మళ్లీ నెలల తరబడి మందులు మింగేవారు ఉన్నారు. మందుల భారం కాలేయం మీద పడుతుంది, కూలి పోతుంది, ఇంట్లో ఆడపిల్ల పెళ్లి సంబంధం దాకా ఆ మాట పాకుతుంది. అటువంటివారికి కావలసింది కళ్లెను బయటికి తెచ్చే శ్వాస వ్యాయామాలు, చీము పట్టినప్పుడు తగిన యాంటీబయాటిక్, వైద్యుల సలహాతో టీకాలు. అయితే స్కాన్ చూసి టీబీ లేదని కూడా అనకూడదు. చిగుళ్లు తొడిగిన కొమ్మలా కనబడే గుర్తు టీబీలోనూ వస్తుంది, ఇతర ఇన్ఫెక్షన్లలోనూ వస్తుంది. తేల్చవలసింది కళ్లె పరీక్షే. అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఇటీవలే మందులు ముగించినవారిలో చచ్చిన క్రిములు కూడా జన్యు పరీక్షలో పాజిటివ్ చూపవచ్చు గనుక, కల్చర్ పరీక్ష అవసరమవుతుంది.

ఒక ఛాతీ స్కాన్‌లో పదుల ఎక్స్‌రేలంత రేడియేషన్ పడుతుంది. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

జకాత్, సదఖా సొమ్ము మన చేతిలో అమానత్. అందుకే స్కాన్‌కు సహాయం చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి: కళ్లె పరీక్ష అయిందా? ఊదే పరీక్ష అయిందా? పాత ఫిల్ములు ఉన్నాయా? పాత ఫిల్ము పక్కన కొత్తది పెట్టి చూస్తే, మచ్చ పాతదో, జబ్బు కొత్తదో చాలావరకు తెలుస్తుంది. కాబట్టి ఫిల్ములు, సీడీలు పారేయవద్దని ప్రతి ఇంటికీ చెప్పండి. దగ్గులో రక్తం పడితే మాత్రం ఈ ప్రశ్నల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి పంపండి.